కర్పూరం చెట్టు కింది పెంకు

మినోబె ఇకుయో. అకాగి ఫుసాయె ఆ మనిషిని చూడకముందే ఆ పేరు విన్నది. మార్చి నెల ఉదయం. ఒకునోతని లోయలో పీచ్ తోటలు ఇంకా మొగ్గ మీదే ఉన్నాయి. ఫుసాయె గుట్ట నడుము దాకా ఎక్కి, కొలత తాడు కొస పట్టుకొని నిలబడి ఉండగా, కింది నుంచి ఒక ముసలి గొంతు తరగతిలో హాజరు పలికినంత స్పష్టంగా వినవచ్చింది.

"మినోబె ఇకుయోనండీ. ఊడవడానికి పైకి వస్తున్నా."

ఎవరితో అంటున్నదో తెలియక ఫుసాయె చుట్టూ చూసింది. గుట్ట మీద తాను తప్ప మరెవరూ లేరు. అంతలో తలకు తువ్వాలు చుట్టుకొని, వెదురు చీపురు భుజాన వేసుకొని, ఎనభైకి దగ్గరపడిన ఒక చిన్న ఆకారం మెట్లెక్కి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీరెవరమ్మా? పేరు చెప్పే ఎక్కారా?"

"ఎవరికి చెప్పాలండీ?"

"ఇంకెవరికి? లోపల ఉన్నాయనకు. ఆయన లేచొచ్చి ఎవరని అడగలేడు కదా. మనమే చెప్పుకోవాలి. దిగండి. దిగి, చెప్పి, అప్పుడెక్కండి."

ఫుసాయె పట్టణంలోని బడిలో భాష బోధించి పదవీ విరమణ చేసి, గుట్ట తవ్వకాల పనిలో సాయానికి చేరిన మనిషి. ఆలస్యంగా వచ్చిన పిల్లలను గుమ్మం దాకా వెనక్కి పంపి, సరిగ్గా పలకరించాకనే లోపలికి రానిచ్చిన మనిషి. ఆమెను అలా వెనక్కి పంపినవాళ్లు అంతవరకూ లేరు. తాడు కింద పెట్టి, దిగి, తన పేరు చెప్పింది.

"ఇంటిపేరు వినపళ్లేదు!" అని పైనుంచి కేక వచ్చింది.

ఆ లోయలో వాళ్లు ఆ గుట్టను ఒత్సుక-సామా అని, ఇంట్లో పెద్దాయనను పిలిచినంత మర్యాదగా పిలిచేవారు. లోపల ఉన్నది ఏనాటి దొరో ఎవరికీ తెలియదు. ఎవరి సమాధి అన్న సంగతి కంటే, ఏనాటిది అన్న సంగతే ఆ ఏడు అందరికీ కావలసి వచ్చింది. కొండల అవతల నుంచి వస్తున్న కొత్త రహదారి గీత సరిగ్గా ఆ గుట్ట నడుము మీదుగా పోతున్నది. ఆ గీతను పక్కకు జరపాలంటే కింది మళ్లలో ఉన్న హొంగో తత్సుజి పీచ్ తోట పోవాలి. ఊరకే జరపరు. గుట్ట ఆ ప్రాంతంలోకెల్లా పాత తరం సమాధులలో ఒకటని తేలితే జరుపుతారు. అటువంటి వందలాది గుట్టల వంటిదే మరొకటని తేలితే, ఫొటోలు తీసి, కొలతలు వేసి, తొలగిస్తారు. తవ్వకాల అధికారి నిషివాకి ఈ మాటను దాచలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మొదటి రోజే ఇకుయోకు చెప్పాడు.

"వయసు తేలితే ఉంటుంది మామ్మగారూ. తేలకపోతే పోతుంది."

"తేల్చండి మరి. చదువుకున్నారుగా."

తత్సుజి గట్టు మీద కూర్చుని అంతా వింటున్నాడు. "ఇకుయో వదినా, మీ ముసలాయన వయసు తేల్చడానికి ఇంతమంది ఎందుకు? ఎద్దుకు చూసినట్టు పళ్లు చూస్తే పోలా?"

"నీ నోట్లో ఉన్నవే నాలుగు. ఆయన పళ్ల సంగతి నీకెందుకురా?"

ఇద్దరూ నవ్వారు. గుట్ట నిలిస్తే తత్సుజి తోట పోతుందని ఇద్దరికీ తెలుసు. అది తెలిసే నవ్వారు.

ఇకుయో ఆ లోయలో పుట్టిన మనిషి కాదు. ఆల్చిప్పల పెంపకం సాగే సముద్రపు ఒడ్డు నుంచి ఇరవై ఏళ్లు దాటకముందే కోడలిగా వచ్చింది. ఇంటి పెత్తనానికి గుర్తైన అన్నం గరిటెను అత్తగారు ఏళ్ల తరబడి ఆమె చేతికివ్వలేదు గాని, గుట్ట ఊడ్చే చీపురును మాత్రం పెళ్లైన మర్నాడే ఇచ్చింది. "సముద్రం వైపు వాళ్లకు మట్టి అంటే తెలియదు, తెలుసుకో" అన్నదట. ఇకుయో తెలుసుకున్నది. భర్త కునిహెయ్ బతికి ఉన్నన్నాళ్లూ, పోయిన తరువాతా, చీపురు ఆమె చేతిలోనే ఉన్నది. ఎండు చిక్కుడుకాయల్లా ముడతలు పడిన పొడవాటి వేళ్లు, ఎడమ చెవి కొంచెం మందం, ఎవరు వచ్చినా చల్లని బార్లీ నీళ్లు పోసి, ఉప్పులో ఊరిన ముల్లంగి ముక్కలు పెట్టే అలవాటు. మధ్యాహ్నాలు ఫుసాయె ఇకుయో ఇంటి వసారాలోనే భోజనం చేసేది. చెప్పులు ఎటు తిప్పి విప్పాలన్న దగ్గర మొదలై చాలా విషయాలలో ఆ ఇద్దరికీ అభిప్రాయాలు ఒకటే.

తవ్వకం మొదటి నెలల్లో ఏమీ పలకలేదు. గుట్ట శిఖరాన్ని ఏనాడో దొంగలు తోడేశారు. అడుగున రాళ్లు తప్ప, దొరలతో పాటు పూడ్చే కంచు అద్దమూ లేదు, కత్తీ లేదు. వాలులో తవ్విన కందకాలలో దొరికినవి బూడిదరంగు గట్టి పెంకులు. సముద్రం అవతలి నుంచి వచ్చినవారు కొండవాలులో పెద్ద బట్టీలు కట్టి కుండలు కాల్చడం నేర్పిన తరువాతి కాలానివి. పాత తరం అంతకు ముందుది. ఆ రోజుల్లో దొరల సమాధుల మీద ఎర్రరంగు పూసి, వంపు గీతల పట్టీలు చెక్కి, కుండలు నిలిపే నిలువెత్తు మట్టిపీటలు నిలబెట్టేవారు. అటువంటి పెంకు ఒక్కటి, గుట్టను కట్టిన నాటి మట్టిలో కదలకుండా పడి ఉన్నది దొరికితే చాలు.

"పెంకు ఏమిటన్నది సగం సంగతి," అనేవాడు నిషివాకి. "ఎక్కడ పడి ఉందన్నది మిగతా సగం. ఏ ఒక్కటి లేకపోయినా నాకు అక్కర్లేదు."

ఆ మాట ఆయన అన్న వారంలోనే, శిఖరం మీది రాతి గూటిలో, గడ్డి కప్పు కింద, కొలతలు వేస్తున్న ఫుసాయె చేతికి పెంకులు తగిలాయి. గూడంతా పెంకులే. అన్నింటికీ అడుగున అరచేయంత ఎర్రటి ముక్క. దాని మీద వంపు తిరిగి, ఒకదాని కిందినుంచి ఒకటి దూరిన గీతల పట్టీ. గీతల లోతులో ఇంకా ఎరుపు ఉన్నది. నిషివాకి దానిని రెండు చేతులతో పట్టుకొని కూర్చుండిపోయాడు.

"మామ్మగారూ! ఇది ఎక్కడిది?"

"ఆయనది."

"అది సరే. ఎక్కడ దొరికింది?"

ఇకుయో చీపురు ఆపి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "ఈ లోయలో ఎవరి తోటలో పెంకు బయటపడ్డా అది ఆయన సొమ్మే. ఇంట్లో పెట్టుకుంటే జ్వరాలు. పారేస్తే మర్యాద కాదు. తెచ్చి ఇక్కడ పెట్టేస్తాం. చెరువు దగ్గరివి, తత్సుజి వాళ్ల తోటవి, అవతలి వాగువి, అన్నీ ఇక్కడే. మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ అంతే."

నిషివాకి మొహం చిన్నబోయింది. లోయ మొత్తం తన మట్టిని తరతరాలుగా, భక్తిగా, ఒకే గూటిలోకి చేర్చి కలిపేసింది. ఆ ఎర్ర ముక్క ఈ గుట్టదే కావచ్చు. అవతలి వాగు ఒడ్డున ఏనాడో మాసిపోయిన మరో గుట్టది కావచ్చు.

అయినా ఇంకొక దారి ఉన్నది. నిషివాకి గూటిలోని మరో పెంకును, ఒక కుండ అడుగును, తిప్పి చూశాడు. కుండకు మసో, మాడిన అన్నమో అంటి ఉంటే, ఆ నలుపును పరీక్షకు పంపి దాని వయసు లెక్కించవచ్చు. చోటు చెప్పలేకపోయినా, ఈ లోయలో పాత తరం సమాధి ఉన్నదనేందుకు అది కొంత ఆధారం. లోపలి వంపులో ఒక మూల, సూది మొనంత నలుపు కనిపించినట్టై మాయమైంది.

"అది చూశారా?" అన్నది ఇకుయో, గర్వం ఆపుకోలేక. "మా అత్తగారి కాలంలో అది మాడిన పెనంలా నల్లగా ఉండేది. ఆవిడ వదిలేసింది. నేను వదల్లేదు. ఏటా కొత్త సంవత్సరానికి ముందు అన్నీ బుట్టలో పెట్టుకుని వాగుకు తీసికెళ్లి, బూడిద వేసి, పీచుతో తోముతాను. ఆ నలుపు పోవడానికి ఎన్నేళ్లు పట్టిందనుకున్నారు! ఇప్పుడు చూడండి, అద్దం."

నిషివాకి కుండ అడుగును గూటి దగ్గర మెల్లగా పెట్టి, దిగి వెళ్లిపోయాడు. ఇకుయో అతని వెనకే చూస్తూ, "అబ్బాయికి ఆకలేసినట్టుంది" అన్నది.

చెప్పవలసిన పని ఫుసాయె మీద పడింది. తెలిసిన విషయాన్ని దాచడం ఆమెకు అబద్ధంతో సమానం. వసారాలో బార్లీ నీళ్ల గ్లాసు ముందు పెట్టుకొని, మసిలో ఏముంటుందో, దానిని ఎలా లెక్కిస్తారో, పాఠం చెప్పినట్టు వరసగా చెప్పింది. ఇకుయో మంచి చెవి ఇటు తిప్పి పూర్తిగా విన్నది. విన్నాక తన రెండు చేతులనూ ఒళ్లో పెట్టుకొని, వాటిని ఎవరివో చేతులైనట్టు చూసుకున్నది.

"అయితే ఆయన వయసు నేనే తోమేశానన్నమాట."

"మీకు తెలియదు కదండీ."

"తెలిసి చేసినా అంతే పోతుంది, తెలియక చేసినా అంతే పోతుంది. మసి మసే." పళ్లెం ముందుకు జరిపి, "ముల్లంగి తినండి, ఊరి ఎక్కువైంది" అన్నది.

ఆ తరువాత రెండు రోజులు ఇకుయో గుట్ట దగ్గరకు రాలేదు. మూడోనాడు ఉదయం తవ్వకాల షెడ్డు ముందు నిలబడింది. పండుగకు కట్టే ముదురు నీలం కిమోనో కట్టుకొని ఉన్నది. జుట్టు నున్నగా దువ్వుకున్నది. షెడ్డులో తత్సుజి కూడా ఉన్నాడు, తన తోట హద్దురాళ్ల సంగతి మాట్లాడటానికి వచ్చి. ఇకుయో నడుము వంచి దండం పెట్టి, నిలబడే చెప్పింది.

"ఆ ఎర్ర ముక్క నాకు గుట్ట మీదే దొరికింది. ఊడుస్తుంటే. రాసుకోండి."

నిషివాకి పెన్ను తీశాడు గాని రాయలేదు. "ఏ వైపు మామ్మగారూ?"

"తూర్పు."

"పైనా, కిందా?"

"పైన. కాదు... దక్షిణం వైపు. మెట్ల పక్కన."

"ఎన్నేళ్లైంది?"

ఆమె తత్సుజి వైపు చూసింది. తత్సుజి తల దించుకున్నాడు. వాదించడానికి అవకాశం దొరికినవాడు వాదించకుండా, "వదినా, ఎండగా ఉంది, ఇంటికి పోదాం పద" అన్నాడు. ఆ జాలితోనే అంతా తేలిపోయింది. ఇకుయో మళ్లీ నడుము వంచి దండం పెట్టి, వచ్చిన దారినే వెళ్లింది. ఎనభై ఏళ్ల వయసులో తొలిసారి కట్టిన అబద్ధం అంత నాసిగా కట్టినందుకు, షెడ్డు మూల కొలతలు రాసుకుంటున్న ఫుసాయెకు కోపం రాలేదు.

ఆ సాయంత్రం ఫుసాయె తలుపు తట్టేసరికి ఇకుయో చాప మీద, సగం మడిచిన కిమోనో ముందు, కదలకుండా కూర్చుని ఉన్నది. పక్కన బట్టల పెట్టె మూత తెరిచే ఉన్నది. గదంతా బట్టలకు పురుగు రాకుండా వేసిన కర్పూరం వాసన.

"టీచర్‌గారూ, లోపలికి రండి. తలుపు వేసెయ్యండి. గుర్తొచ్చింది."

"ఏమిటండీ?"

"ఈ వాసన. పెట్టెలో పెడుతుంటే వచ్చింది. నేను కోడలిగా వచ్చిన రెండో ఏడు పెద్ద తుఫాను వచ్చింది. గుట్ట ఎడమ భుజం మీద అప్పట్లో కర్పూరం చెట్టు ఉండేది, ఇద్దరు చేతులు చాపినా అందనంత. అది పడిపోయింది. వేళ్లు గోడలా లేచి నిలబడ్డాయి. లోయ లోయంతా కర్పూరం వాసన, అన్నంలో కూడా. మా ఆయన ఆ వేళ్లలో చెయ్యి పెట్టి ఎర్రటిదొకటి లాగాడు. రాలేదు. వేరు దాన్ని పిడికిలిలో పట్టుకున్నట్టు పట్టుకునుంది. కొడవలి తెమ్మన్నాడు. నేనే తెచ్చా. కోస్తుంటే అంచుకు గీత పడింది. 'దొరగారికి తగిలిందే' అని భయపడ్డాడు. అదే ముక్క, టీచర్‌గారూ. ఇది కట్టింది కాదు."

"మొదటి రోజు అడిగినప్పుడు చెప్పలేదేం?"

"ఇన్నేళ్లలో ఎక్కడ దొరికిందని ఒక్కరైనా అడిగారా? అన్నీ ఆయనవే కదా. గుర్తు పెట్టుకోవాలని ఎవరికి తెలుసు?"

ఫుసాయె మర్నాడు ఉదయమే ఆ మాటను, ఒక్క పదం కలపకుండా, ఒక్క పదం తీసివేయకుండా, నిషివాకికి చెప్పింది. ఇద్దరూ ఎర్ర ముక్కను కిటికీ వెలుతురులో పెట్టి చూశారు. అంచున గీత ఉన్నది.

"కొడవలి గీత కావచ్చు," అన్నాడతను. "పార గీత కూడా కావచ్చు. ఇన్నేళ్లు తోమితే అన్ని గీతలూ ఒకలాగే అరుగుతాయి."

అయినా గుట్ట ఎడమ భుజం మీద చివరి కందకం తవ్వించాడు. గడువు ముగుస్తున్నది, వానలు మొదలయ్యాయి. టార్పాలిన్ కింద మోకాళ్ల మీద కూర్చుని తానే తాపీతో మట్టి గీశాడు. వేళ్లు కుళ్లిన నల్లమట్టి చోటు కనిపించింది. చెట్టు నిజం. గుంట నిజం. ఆ గుంట నిండా నున్నటి బురదమట్టి. దానిలో బూడిదరంగు పెంకులు, ఎర్ర పెంకులు, పింగాణీ గిన్నె ముక్క, పాలసీసా మూత, అన్నీ కలిసి ఉన్నాయి. కందకం అంచున నిలబడిన తత్సుజిని అడిగితే, చెట్టు పడిన ఏడు చెరువు పూడిక తీసిన మట్టి తెచ్చి లోయవాళ్లంతా కలిసి పూడ్చారని చెప్పాడు.

"ఆయన భుజానికి గుంట ఉండకూడదని," అన్నాడు తత్సుజి. "మా నాన్న కూడా మోశాడు."

నిషివాకి తాపీని మట్టిలో గుచ్చి వదిలేశాడు. "నేను నమ్ముతున్నానండీ," అన్నాడు ఫుసాయెతో. "ఆవిడ మాట నిజమేనని నమ్ముతున్నాను. కాని ఒక్క రోజు తేడాతో రెండు మాటలు చెప్పిన మనిషి సాక్ష్యం నేను రాస్తే, కమిటీ చదివేది మొదటి మాటే. రెండోది చదవరు. నేనైనా చదవను."

నివేదికను ముద్రణకు పంపేముందు భాష దిద్దమని ఫుసాయె చేతికిచ్చారు. 'నిర్మాణ కాలం: నిర్ధారణ కాలేదు' అన్న వాక్యం దగ్గర ఆమె ఎర్ర పెన్సిల్ పట్టుకొని చాలాసేపు ఆగింది. అందులో తప్పు లేదు. మార్చదగిన మాట ఒక్కటీ లేదు. పేజీ తిప్పింది.

ఆకులు రాలాక యంత్రం వచ్చింది. ఇకుయో ఆ ఉదయం కూడా ఊడ్చి, దిగి వచ్చి, యంత్రానికి అడ్డంగా నిలబడింది. అందరూ భయపడ్డారు గాని ఆమె అడిగింది ఒక్కటే.

"పేరు చెప్పి ఎక్కు నాయనా. ఊరికే ఎక్కొద్దు."

యంత్రం నడిపే అతను ఇంజను ఆపి, దిగి, హెల్మెట్ తీసి, గుట్టవైపు తిరిగి ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. ఇకుయో పక్కకు జరిగింది. ఆమె పక్కన నిలబడిన తత్సుజి చేతిలోని పండ్ల సంచిని ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటూ, "వదినా, నా తోట పోయినా బాగుండేదేమో" అన్నాడు.

"నోర్ముయ్. తోట పోతే నువ్వు పొద్దంతా మా వసారాలో కూర్చుంటావు. ఎవడు భరిస్తాడు?"

ఈసారి ఇద్దరూ నవ్వలేదు.

చలికాలం చివర ఇకుయో తన ఇంటి మెట్టు మీదే జారి తుంటి విరగ్గొట్టుకున్నది. ఊడవడానికి ఏమీ మిగలకపోయినా చేతిలో చీపురు ఎందుకున్నదని ఎవరూ అడగలేదు. జూన్‌లో, లోయలో పీచ్ కాయలకు పురుగు పట్టకుండా కాగితపు సంచులు కట్టే రోజుల్లో, ఫుసాయె ఆసుపత్రికి వెళ్లింది. ఇకుయో సగం నిద్రలో ఉన్నది. దుప్పటి మీద ఆమె వేళ్లు కనబడని కాయకు కనబడని సంచి తొడిగి, మెడ దగ్గర మడిచి, తీగ తిప్పుతున్నాయి. ఒకటయ్యాక మరొకటి. ఫుసాయె ఆ వేళ్లను ఆపలేదు.

"ఇంకా మొదటి వరసలోనే ఉన్నారా?" అని అడిగింది.

"తత్సుజి వాళ్లవి కడుతున్నా. వాడికి వంగడం రాదు." కళ్లు తెరిచి, "గూటిలోవన్నీ ఎక్కడున్నాయి?" అన్నది.

"ఆఫీసులో, పెట్టెల్లో. ఒక్కొక్కదాని వెనుక ఎక్కడ దొరికిందో సన్నటి కుంచెతో నేనే రాస్తున్నాను."

"ఎర్రది?"

"అక్కడిదాకా వచ్చాను. ఇంకా రాయలేదు."

"ఏం రాస్తారు?"

"నియమం ప్రకారం... 'రాతి గూడు. తొలి చోటు తెలియదు' అని."

ఇకుయో తల ఊపింది. రాసేది తప్పని అనలేదు. కిటికీ వైపు తిరిగి, ముక్కుతో దేనినో వెదుకుతున్నట్టు ఊపిరి పీల్చింది. ఆసుపత్రి గదిలో మందుల వాసన తప్ప మరేమీ లేదు. తిరిగి ఇటు చూసి, ఫుసాయె మణికట్టును, కుంచె పట్టే చేతిని, పట్టుకున్నది.

"టీచర్‌గారూ, మీరు తెలియనిది రాయరు. నాకు తెలుసు. కాని దాని వెనక కొంచెం చోటు మిగులుతుందిగా. అక్కడ, మీకు కూడా కష్టంగా కనబడేంత చిన్నగా, 'కర్పూరం చెట్టు వేళ్లలో' అని రాస్తారా?"